ఏ బరువు దారి దానిదే

అమెరికాలో బాల్టిమోర్‌కీ వాషింగ్టన్‌కీ మధ్య సావేజ్ అనే ఊరుంది. ఒకప్పుడు అది బట్టల మిల్లు ఊరు. మిల్లు గోడల పక్క నుంచే లిటిల్ పటక్సెంట్ అనే నది బండల మీదుగా దూకుతూ పోతుంది. కృష్ణా గోదావరులు చూసిన కళ్ళకి అది నదిగా ఆనదు, వాగంటేనే సరిపోతుంది. దాని మీద రెండు కానాల ఇనప వంతెన ఒకటి ఉంది. ఒక్కో కానా 80 అడుగులు, మొత్తం 160. ఎర్ర రంగు వేసి ఉంటుంది. దాని మీద రైళ్ళు ఆగిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు మనుషులు నడుస్తున్నారు.

1966లో అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం తమ దేశంలోని చారిత్రక కట్టడాలను గుర్తించి పేర్లు ప్రకటించడం మొదలుపెట్టింది. మొట్టమొదటి పేరు ఈ పల్లెటూరి వంతెనది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెనంతటి దాని వంతు కూడా ఆ తర్వాతే వచ్చింది. సంఘం వాళ్ళు దీన్ని ఏరుకోవడానికి బలమైన కారణమే ఉంది. పూర్తిగా ఇనుముతో కట్టి, ఒక రైల్వే కంపెనీ తన లైన్ల మీద వరసబెట్టి వాడిన మొదటి వంతెన నమూనా ఇది. ఆ నమూనాలో కట్టినవి వంద దాకా ఉండేవి. ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు మిగిలింది ఈ ఒక్కటే.

వంతెన మొదట్లో నిలబడి పైకి చూస్తే దీని సంగతి కొంత తెలుస్తుంది. రెండు పక్కలా పోత ఇనప స్తంభాలుంటాయి. వాటికి గ్రీకు గుళ్ళ స్తంభాల సోకు చేశారు. ఆ స్తంభాల తలలను కలుపుతూ పైన ఒక పొడుగాటి దూలం పోతుంది. అది బయటికి ఎనిమిది పలకలు, లోపల గుండ్రటి బోలు. ముక్కలు ముక్కలుగా పోతపోసి ఒకదాని కొసను ఇంకొకదానిలో దించి బిగించారు. అసలు విశేషం స్తంభం తల దగ్గర ఉంది. ఇనప బద్దీలన్నీ అక్కడి నుంచే బయల్దేరతాయి. ఒకటి నిటారుగా దగ్గర్లోనే కిందికి దిగిపోతుంది, ఇంకొకటి కొంచెం వాలుగా, మరొకటి ఇంకా వాలుగా. చివరి బద్దీ దాదాపు అడ్డంగా పడుకుని కానా అవతలి కొస దాకా వెళుతుంది. అవతలి స్తంభం నుంచి కూడా ఇట్లాగే వస్తాయి. మధ్యలో అన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవడంతో మొదట చూడగానే ఎవరో పని సగంలో వదిలేసి వెళ్ళారేమో అనిపిస్తుంది. మనకి అలవాటైన గర్డర్ వంతెనల్లో ఒకే కొలత త్రికోణాలు బుద్ధిగా వరసలో నిలబడతాయి. ఇక్కడ ఆ క్రమశిక్షణ కనిపించదు.

నిజానికి దీనికంటే సులువుగా అర్థమయ్యే వంతెన ఇంకోటి ఉండదు. పాత ఇళ్ళలో పాల కుండలు, పెరుగు కుండలు ఉట్టి మీద పెట్టేవాళ్ళు. రెండు గోడలకి రెండు మేకులు కొట్టి, వాటి మధ్య ఒకటి కాదు, ఏడెనిమిది ఉట్లు కట్టాలనుకోండి. ప్రతి ఉట్టికీ విడిగా రెండు తాళ్ళు, ఒకటి ఈ మేకుకి, ఒకటి ఆ మేకుకి. ఏ కుండ బరువు దాని తాళ్ళదే, పక్క కుండతో దానికి పనిలేదు. ఒక తాడు తెగితే ఒక కుండే జారుతుంది. ఈ వంతెన అచ్చం ఇదే. పట్టాల కింద అడ్డంగా వేసిన ప్రతి దూలాన్నీ రెండేసి బద్దీలు పట్టుకుని ఉంటాయి, ఒకటి ఈ చివరి స్తంభం తలకి, ఒకటి ఆ చివరి స్తంభం తలకి. బద్దీలన్నీ కలిసి స్తంభాలను లోపలికి లాగుతాయి కాబట్టి అవి ఒరిగిపోకుండా మధ్యలో ఆ ఎనిమిది పలకల దూలాన్ని అడ్డు పెట్టారు. అంతే. ఇందులో దాచిన కిటుకేమీ లేదు.

ఇంత సూటిగా ఆలోచించిన మనిషి పేరు వెండెల్ బోల్‌మన్. వంతెన నెత్తిన పోత అక్షరాల్లో ఆ పేరుంటుంది. ఈయన ఏ ఇంజినీరింగు కాలేజీ గడపా తొక్కలేదు. వడ్రంగి.

1814లో బాల్టిమోర్‌లో పుట్టాడు. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబం, తండ్రి రొట్టెలు కాల్చి అమ్మేవాడు. చిన్నతనంలోనే పనికి కుదరాల్సి వచ్చింది. షెపర్డ్స్‌టౌన్‌లో, హార్పర్స్ ఫెర్రీలో మందుల కొట్లో పనిచేసి మళ్ళీ బాల్టిమోర్ చేరాడు. 1828 జూలై 4న ఆ ఊళ్ళో పెద్ద ఊరేగింపు జరిగింది. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వేకి, అంటే జనం బి అండ్ ఓ అని పిలుచుకునే కంపెనీకి శంకుస్థాపన ఆ రోజే. పద్నాలుగేళ్ళ బోల్‌మన్ ఆ ఊరేగింపులో నడిచాడు. వడ్రంగం నేర్చుకుని కొంతకాలానికి అదే కంపెనీలో పట్టాలు వేసే పనికి వెళ్ళాడు. అది వదిలేసి ఇళ్ళు కట్టాడు. ఆ తర్వాత హార్పర్స్ ఫెర్రీ దగ్గర పోటోమాక్ నది మీద రైల్వే వాళ్ళ చెక్క వంతెన తిరగకట్టాల్సి వస్తే ఆ పనికి పిలిచారు. ఈసారి కంపెనీలోనే ఉండిపోయాడు.

ఆ రోజుల్లో అమెరికా రైల్వేలకి వంతెన అంటే చెక్కే. బి అండ్ ఓ మొదట్లో ఇంగ్లండు పద్ధతిలో రాతి వంతెనలే కట్టింది. 1829 నాటి కారల్టన్ వంతెన, 1835 నాటి థామస్ వంతెన ఆ కోవలోవి. ఎనిమిది కమానుల థామస్ వంతెన మీద ఇప్పటికీ గూడ్స్ బళ్ళు నడుస్తున్నాయి. కానీ రాయి కొట్టించాలంటే డబ్బు కావాలి, ఏళ్ళు పట్టేది. అడవి మాత్రం ఎటు చూసినా ఉంది. అందుకని కలపతో ట్రస్‌లు, అంటే చెక్కలను త్రికోణాలుగా బిగించిన చట్రాలు కట్టుకుంటూ పోయారు. ఆ విద్యలో అమెరికా వడ్రంగులను మించినవాళ్ళు అప్పట్లో ప్రపంచంలోనే లేరు. తంటా ఎక్కడొచ్చిందంటే, చెక్క కుళ్ళుతుంది. కుళ్ళకుండా పైన కప్పు వేసి చుట్టూ పలకలు కొడితే ఇంజిను పొగగొట్టం నుంచి నిప్పురవ్వలు ఎగిరి అంటుకుంటుంది. కట్టిన పదేళ్ళకే మళ్ళీ కట్టాల్సి రావడం మామూలైపోయింది. 1848లో బోల్‌మన్‌కి మాస్టర్ ఆఫ్ రోడ్ అనే పదవి ఇచ్చారు. లైను పొడుగునా పట్టాలు, వంతెనలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే బాధ్యత ఇక ఆయనదే. పాడైన చెక్క వంతెనల లెక్కంతా ఆయన బల్ల మీదకే వచ్చేది.

మరి ఇనుముతో ఎందుకు కట్టలేదు? భయం వల్ల. అది ఊరికే పుట్టిన భయమూ కాదు.

అప్పట్లో ఇనుము రెండు రకాలుగా దొరికేది. పోత ఇనుము అచ్చుల్లో పోస్తే ఏ ఆకారమైనా వస్తుంది, చవక, నొక్కుడుని బ్రహ్మాండంగా తట్టుకుంటుంది. కానీ లాగితే చెప్పాపెట్టకుండా పుటుక్కున విరుగుతుంది. కొలిమిలో కాచి, సాగగొట్టి చేసే చేత ఇనుము నారలు నారలుగా ఉండి లాగుడుని ఓర్చుకుంటుంది, విరిగే ముందు సాగి హెచ్చరిస్తుంది. ఇది ఖరీదు. 1779లో ఇంగ్లండులో సెవర్న్ నది మీద నిలబెట్టిన మొదటి ఇనప వంతెన కమాను వంతెన. కమానులో ప్రతి ముక్కా నొక్కుడులోనే ఉంటుంది కనక పోత ఇనుము సరిపోయింది. తిన్నటి వంతెనలో అట్లా కుదరదు. కొన్ని భాగాలు నలుగుతాయి, కొన్ని సాగుతాయి. ఏది ఎంత నలుగుతుందో, ఏది ఎంత సాగుతుందో లెక్క కట్టడం వచ్చినవాళ్ళు అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. న్యూయార్క్ రాష్ట్రంలో కాలువల పనిచేసే స్క్వైర్ విప్పిల్ 1841లో ఇనప ట్రస్‌కి పేటెంటు తీసుకున్నాడు. ట్రస్‌లో ప్రతి ముక్క మీదా పడే బరువును లెక్కగట్టే పద్ధతిని 1847లో సొంత ఖర్చుతో పుస్తకంగా అచ్చేయించాడు. ఆ పుస్తకం గొప్పతనం జనానికి ఎక్కడానికి ఏళ్ళు పట్టింది.

అదే 1847 మే 24న ఇంగ్లండులో చెస్టర్ దగ్గర డీ నది మీద పోత ఇనప గర్డరు విరిగి రైలు కింద పడింది. ఐదుగురు చనిపోయారు. ఆ వంతెన కట్టినవాడు అల్లాటప్పా మనిషి కాదు, పేరుమోసిన రైల్వే ఇంజినీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్. అమెరికాలో 1850 ప్రాంతంలో ఈరీ రైల్వే మీద ఒక ఇనప వంతెన కూలింది. ఆ కంపెనీ ఎంత హడలిపోయిందంటే, లైను మీద ఉన్న ఇనప వంతెనలన్నీ పీకించి మళ్ళీ చెక్కవే వేయించింది. నిప్పంటుకుంటే ముందే తెలుస్తుంది, ఇనుము ఎప్పుడు విరుగుతుందో ఎవరికి తెలుసు అన్నది వాళ్ళ వాదన. అప్పటి పరిస్థితుల్లో ఆ మాట తప్పనీ అనలేం.

సరిగ్గా ఆ రోజుల్లోనే బోల్‌మన్ ఇనుముకి మొగ్గు చూపాడు. పైన ఉన్న చీఫ్ ఇంజినీరు బెంజమిన్ లాట్రోబ్ వెన్నుతట్టాడు. ఇప్పటి సావేజ్ వంతెన కంటే ముందు, 1850లో, ఇదే లిటిల్ పటక్సెంట్ మీద, ఈ మిల్లు దాపులోనే బోల్‌మన్ తన పద్ధతిలో 76 అడుగుల కానా ఒకటి కట్టాడు. మరుసటి ఏడాది బ్లేడెన్స్‌బర్గ్ దగ్గర ఇంకోటి. పేరు తెచ్చింది మాత్రం హార్పర్స్ ఫెర్రీ వంతెనలో వించెస్టర్ లైను వైపు కట్టిన 124 అడుగుల కానా.

ఆయన నమూనాలో నాకు నచ్చేది దాని వెనకున్న జాగ్రత్త. ఇనుము మీద నమ్మకం లేని జనానికి ఇనప వంతెన అమ్మాలి. తనకేమో విప్పిల్‌కి ఉన్నంత లెక్క లేదు. అందుకని లెక్క అక్కర్లేకుండానే కట్టాడు, లేదా ఒకే ఒక్క చిన్న లెక్కతో సరిపెట్టాడు. మామూలు ట్రస్‌లో మధ్యలో పడ్డ బరువు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి, అక్కడి నుంచి మరో ముక్కకి చేతులు మారుతూ ఒడ్డు చేరుతుంది. దారిలో ఏ ఒక్కటి పట్టు తప్పినా మొత్తం కూలుతుంది. బోల్‌మన్ ట్రస్‌లో ఏ బరువుకా బరువు రెండు బద్దీలు పట్టుకుని నేరుగా రెండు చివరలకూ పోతుంది. రెండు తాళ్ళకి వేలాడే బరువు ఏ తాడు మీద ఎంత పడుతుందో గీత గీసి తేల్చేయచ్చు. దాన్నే ప్రతి దూలానికీ విడివిడిగా చేసుకుంటూ పోవాలి. పోత ఇనుముకి నొక్కుడు పని, చేత ఇనుముకి లాగుడు పని. ఎక్కడా ఈ రెండూ తారుమారు కావు. పైగా ఒక బద్దీ తెగితే ఆ ఒక్క దూలమే కుంగుతుంది, మిగతా వంతెన నిలబడి ఉంటుంది. డీ నది సంగతి పేపర్లలో చదివినవాళ్ళకి ఇంతకంటే ఏం చెప్పాలి?

అయినా మాటలతో నమ్మించే కాలం కాదది. హార్పర్స్ ఫెర్రీ కానా మీదకి కంపెనీ తన దగ్గరున్న పెద్ద గూడ్స్ ఇంజిన్లు మూడింటిని, బొగ్గు టెండర్లతో సహా ముందే తూకం వేయించి, ఒకేసారి ఎక్కించింది. అన్నీ కలిపి 136 టన్నులకి పైన. వంతెన పొడుగంతా ఇంజిన్లే ఉన్నాయి, అడుగుకి టన్ను దాటింది బరువు. గంటకి ఎనిమిది మైళ్ళ వేగంతో వాటిని నడిపిస్తే నట్టనడుమ వంతెన కుంగింది అంగుళం, ఇంకో మూడు ఎనిమిదో వంతులు. 124 అడుగుల కానాకి అది లెక్కలోకి రాదు. ఈ వివరాలన్నీ బోల్‌మన్ 1852లో అచ్చేయించిన చిన్న పుస్తకంలో ఉన్నాయి. దానికి ఒక వంతెన బొమ్మ కూడా వేయించాడు. ఆ ఏడాది జనవరి 6న పేటెంటు వచ్చింది. వడ్రంగి మాత్రమే కాదు, మంచి బేరగాడు కూడా.

ఇక బి అండ్ ఓ లైన్ల మీద చెక్క వంతెన పాడైనచోటల్లా బోల్‌మన్ ట్రస్ లేచింది. ముక్కలన్నీ బాల్టిమోర్‌లో కంపెనీ వర్క్‌షాపులోనే పోతపోసి, కొలిచి, పిన్నులు బోల్టులతో బిగించేట్టు తయారుచేసి రైల్లో పంపేవాళ్ళు. అక్కడికక్కడ చెక్కడం, తొలవడం ఉండదు. అదే కంపెనీలో బోల్‌మన్ సహోద్యోగి ఆల్బర్ట్ ఫింక్ జర్మనీలో చదువుకున్న ఇంజినీరు. ఈయన కూడా బరువులను బద్దీలకు వేలాడదీసే మరో పద్ధతి కనిపెట్టి 1854లో పేటెంటు చేసుకున్నాడు. కొంతకాలం ఒకే కంపెనీలో ఇద్దరి నమూనాలూ పక్కపక్కనే నడిచాయి. 1858లో బోల్‌మన్ ఉద్యోగం మానేసి సొంత కంపెనీ పెట్టాడు. నాకు తెలిసినంతలో, అమెరికాలో వంతెనలు తయారుచేసి పంపడమే పనిగా పెట్టుకున్న తొలి కంపెనీల్లో అదొకటి.

అమెరికా అంతర్యుద్ధం మధ్యలో వచ్చిపడింది. 1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ బానిసల విముక్తి కోసం ఆయుధాగారం మీద దాడికి హార్పర్స్ ఫెర్రీలోకి అడుగుపెట్టింది ఈ రైలు వంతెన దాటే. 1861 జూన్ 14న దక్షిణాది సైన్యం వెనక్కి తగ్గుతూ ఆ వంతెనను పేల్చేసింది. యుద్ధం ముగిసేదాకా దాన్ని కూలగొట్టడం, మళ్ళీ లేపడం పదే పదే జరిగింది. యుద్ధం అయిపోయాక అన్ని కానాలనూ బోల్‌మన్ ట్రస్‌లతోనే కట్టారు. 1894 దాకా రైళ్ళు, తర్వాత మామూలు బళ్ళు దాని మీద నడిచాయి. 1936 వరదలో అది కొట్టుకుపోయింది. స్తంభాలు మాత్రం ఇప్పటికీ నదిలో ఉన్నాయి.

ఇంతకీ ఆ నమూనా ఎందుకు నిలవలేదు? ఏ గుణం వల్ల జనం నమ్మారో ఆ గుణమే దాని కొంప ముంచింది. ప్రతి బరువుకీ సొంత దారి కావాలంటే ప్రతి దారికీ విడిగా ఇనుము కావాలి. కానా పెరిగేకొద్దీ దూలాల సంఖ్య పెరుగుతుంది, బద్దీలు పొడుగవుతాయి. పొడుగైన బద్దీ మరీ వాలుగా పడుకుంటుంది, వాలేకొద్దీ అదే బరువు మోయడానికి ఇంకా లావు కావాలి. నూటయాభై అడుగులు దాటితే ఇనుము ఖర్చు భరించలేనిదవుతుంది. ఎండ ఇంకో తలనొప్పి. ఒడ్డుకి దగ్గరున్న దూలాన్ని ఒక పక్క పొట్టి బద్దీ, ఇంకో పక్క దానికి ఎన్నో రెట్ల పొడుగు బద్దీ పట్టుకుంటాయి. వేడికి పొడుగుది ఎక్కువ సాగుతుంది, పొట్టిది తక్కువ. దూలం పక్కకి జరుగుతుంది, బిగింపులు వదులవుతాయి, రైలు పోతుంటే గడగడలాడుతుంది. చివరి ముడి దగ్గర చిన్న కదిలే లంకె పెట్టి బోల్‌మన్ దాన్ని సర్దాలని చూశాడు. అయినా బిగించేవాళ్ళకి ఏడాది పొడుగునా చేతినిండా పనే.

మరోవైపు, విప్పిల్ పుస్తకం లాంటివి చదువుకున్న కొత్త తరం ఇంజినీర్లు వచ్చేశారు. బరువు చేతులు మారుతూ పోతే ఏం, ఏ చేతిలో ఎంతుందో మాకు తెలుసు కదా అన్న ధీమా వాళ్ళది. తండ్రీ కొడుకులు కాలెబ్ ప్రాట్, థామస్ ప్రాట్ 1844లోనే పేటెంటు చేసిన ట్రస్‌లో నిలువు ముక్కలు నొక్కుడునీ ఏటవాలు ముక్కలు లాగుడునీ భరిస్తాయి. తక్కువ ఇనుముతో అదే బలం. 1870ల నుంచి అమెరికా పల్లెల్లో ఏ వాగు మీద చూసినా ప్రాట్ ట్రస్‌లే. ఊళ్ళవాళ్ళు కేటలాగులో చూసి కొలతలు పంపితే వంతెన కంపెనీలు తయారుచేసి పంపేవి. ఇంగ్లండులో జేమ్స్ వారెన్ 1848లో పేటెంటు చేసిన త్రికోణాల ట్రస్ ఇంకా సాదా. బోల్‌మన్ తన పేటెంటును 1866లో పొడిగించుకోవడమైతే పొడిగించుకున్నాడు. కానీ 1875 నాటికి కొత్తగా ఆ నమూనాలో కట్టేవాళ్ళు లేకుండాపోయారు.

పోత ఇనుముకి ఆఖరి దెబ్బ 1876 డిసెంబరు 29 రాత్రి తగిలింది. ఒహాయోలో ఆష్టబ్యూలా దగ్గర మంచు తుపానులో ఒక ఇనప వంతెన రైలుతో సహా లోయలో పడింది. పెట్టెల్లో వెచ్చదనం కోసం పెట్టిన బొగ్గు పొయ్యిలు తిరగబడి మంటలు లేచాయి. 92 మంది దాకా చనిపోయారు. అది బోల్‌మన్ వంతెన కాదు, చెక్కకి పనికొచ్చే పద్ధతిని ఉన్నదున్నట్టు ఇనుములోకి దించిన వంతెన. పోతపోసిన ఒక ముక్క లోపల ఉన్న లోపం బయటికి కనపడలేదు. మొత్తం బరువు ఆ ఒక్క ముక్క మీదుగానే పోవాల్సి ఉంది. ఈ ప్రమాదం గురించి చదువుతుంటే బోల్‌మన్ ఇరవై ఏళ్ళ ముందే దేనికి జంకాడో అర్థమవుతుంది. అయితే జనం అంత తేడా చూడలేదు. రైల్వేలు పోత ఇనుమున్న వంతెనలన్నిటినీ అనుమానంగా చూడసాగాయి. 1879లో మిస్సోరీ నది మీద గ్లాస్గో దగ్గర పూర్తిగా ఉక్కుతో ట్రస్ వంతెన లేచింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి పెద్ద నదులన్నిటి మీదా ఉక్కు గర్డర్లే. మన రాజమండ్రి దగ్గర 150 అడుగుల కానాలు 56 వేసి, 1900లో రైళ్ళు నడిపి, 1997లో విశ్రాంతి ఇచ్చిన హేవలాక్ వంతెన ఆ తరానిదే. అప్పటికి ఒక మనిషి పేరుతో వంతెన పద్ధతిని అమ్ముకునే రోజులు పోయాయి. లెక్క అందరి సొత్తు అయింది.

బోల్‌మన్ 1884లో చనిపోయాడు. సావేజ్ వంతెన కథ అప్పటికి ఇంకా మొదలవలేదు.

ఈ వంతెనను 1869లో కట్టింది సావేజ్ కోసం కాదు. బి అండ్ ఓ మెయిన్ లైనులో మరోచోట ఉండేది. ఇంజిన్ల బరువు పెరుగుతూ పోయింది. మెయిన్ లైన్లో ఒక్కొక్క బోల్‌మన్ ట్రస్‌నీ తీసి గట్టివి వేస్తున్నారు. తీసినవాటిలో చాలా మటుకు పాత ఇనుము కింద పోయాయి. దీనికి మాత్రం సావేజ్ మిల్లు రూపంలో ఒక చిన్న పని దొరికింది. ఆ మిల్లు 1820ల నాటిది. నలుగురు అన్నదమ్ములు, పెట్టుబడి ఇచ్చిన జాన్ సావేజ్ అనే వర్తకుడు కలిసి పెట్టింది. ఊరికి పేరు ఆయనదే. నది నీటితో తిరిగే చక్రాల మీద దళసరి నూలు గుడ్డ నేసేవాళ్ళు, బాల్టిమోర్ రేవు నుంచి బయల్దేరే ఓడలకి తెరచాపలు ఆ గుడ్డతోనే. మిల్లులోకి నేరుగా పత్తి బేళ్ళు, బొగ్గు దింపడానికి చిన్న రైలు దారి ఒకటి వేసి, 1887లో ఈ వంతెనను విప్పి తెచ్చి బిగించారు. పిన్నులూ బోల్టులూ కాబట్టి విప్పడం సాధ్యపడింది. రాతి స్తంభాలు కొత్తగా కట్టి, ముక్కలు మళ్ళీ కూర్చారు.

అక్కడ దాని మీద నెమ్మదిగా నడిచే నాలుగు వ్యాగన్లు తప్ప ఏమీ వచ్చేవి కావు. ఆ మాత్రం బరువుకి ఆ వంతెన ఎక్కువే. దాన్ని మార్చాల్సిన అవసరం కంపెనీకి ఎన్నడూ రాలేదు, మార్చడానికి డబ్బు పెట్టాలని మిల్లుకీ అనిపించలేదు. వాడకం ఎక్కువైన వంతెనలన్నీ ఒక్కొక్కటిగా పోతే, పల్లెటూరి మిల్లు వెనక ఉన్నది అట్లాగే ఉండిపోయింది. చారిత్రక కట్టడాలను కాపాడాలని అప్పట్లో ఎవరూ కంకణం కట్టుకోలేదు. డబ్బు ఖర్చుపెట్టడానికి బద్ధకించారు, అంతే.

1947లో మిల్లు మూతబడింది, రైళ్ళూ ఆగాయి. కొన్నాళ్ళు ఆ మిల్లు భవనాల్లో క్రిస్మస్ అలంకరణ సామాను తయారైంది, ఇప్పుడు దుకాణాలున్నాయి. వంతెన అడుగున చెక్కలు పుచ్చిపోయి, రంగు ఊడి, ఇనుముకి తుప్పు పట్టి ఉండగా 1960లలో స్మిత్‌సోనియన్ సంస్థలో పనిచేసే రాబర్ట్ వోగెల్ బోల్‌మన్ పని మీద పరిశోధన చేశాడు. ఈ వంతెన ఇంకెక్కడా లేని ఒంటరిదన్న సంగతి దాంతో జనానికి తెలిసింది. 1966 గుర్తింపు ఆ పూనిక ఫలితమే. తర్వాత కౌంటీ ప్రభుత్వం దాన్ని బాగుచేయించింది. 2000లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించింది. ఇప్పుడు దాని మీదుగా నడక దారి ఉంది. ఆదివారాలు పిల్లలు పరిగెడతారు, కింద నదిలో చేపలు పట్టేవాళ్ళుంటారు. బద్దీల మధ్య వేలు పెట్టి ఒకదాన్ని లాగి చూడచ్చు. ఎవరూ ఏమీ అనరు.

పెన్సిల్వేనియాలో మేయర్స్‌డేల్ దగ్గర బోల్‌మన్ కంపెనీ కట్టిన వంతెన ఇంకోటి కూడా ఉంది. 1871 నాటిది. అది కూడా చోటు మారి, రైలు పట్టాల మీదుగా పొలాలకి పోయే బళ్ళ దారి మోసి, ఇప్పుడు సైకిళ్ళ దారి మీద ఉంది. చూస్తే ఇందులో బద్దీల గందరగోళం ఎక్కడా కనపడదు. ఒకే కొలత త్రికోణాలు బుద్ధిగా వరసలో నిలబడి ఉంటాయి. అది వారెన్ ట్రస్. సొంత పేటెంటు గడువు ఇంకా ఉండగానే బోల్‌మన్ ఆ పని చేశాడు.